ఎడమ చేతి కుట్టు

మా ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రి పాలై, బతికి బయటపడ్డాక, ఇంటికి పంపుతూ డాక్టరు ఒక మాట చెప్పాడు. "ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక నిమోనియా టీకా వేయించుకోండి. ఇద్దరూ." ఆ చివరి మాట నాకు వినపడలేదు. వినపడలేదంటే వినపడలేదు, అంతే. ఆసుపత్రుల్లో ఎంత గోలగా ఉంటుందో మీకు తెలియదూ?

మాది బట్టలు కుట్టే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. ఆయన కత్తిరిస్తారు, నేను మిషను తొక్కుతాను. కాజాలు, కోటు మడతలు, కంటికి కనపడకూడని కుట్లు, ఇలాంటి చేతిపనంతా ఆయనదే. ఊరంతా ఆయన్ని మాస్టారంటుంది. నన్నేమంటుందో నాకు తెలుసు గానీ నా ఎదురుగా ఎవరూ అనరు.

ఆ మాస్టారు ముక్కుకు గొట్టంతో, ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగరేస్తూ పడుకుని ఉండగా చూశాను. పగవాడికి కూడా వద్దు ఆ కష్టం. అందుకే ఆయన లేచి నాలుగడుగులు వేసిన రోజు నుంచీ టీకా టీకా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను.

"వెళ్దాంలే. ఇద్దరం వెళ్దాం," అనేవారు.

"నేను రాక మిమ్మల్ని ఒక్కరినే పంపుతానా?" అనేదాన్ని.

నాకు సూదంటే భయమని మా ఆయన అందరితో అంటుంటారు. అబద్ధం. పొద్దస్తమానం సూదితో బతికేదాన్ని, నాకేం భయం? సూది నా చేతిలో ఉండాలి గానీ ఇంకొకరి చేతిలో దేనికి అంటాను. కాన్పప్పుడు సూది వేయబోయిన నర్సును కరిచానని ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. కరవలేదు, పళ్ళు తగిలాయి. ఆ తర్వాత నుంచి నా జాకెట్లకు చేతులు పొడుగ్గా, బిగుతుగా కుట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడ సూది మాట వచ్చినా "చెయ్యి పైకి జరగదమ్మా" అంటే సరిపోతుంది.

ఈలోగా నేను మా అమ్మాయి ఇంటికి వెళ్ళి వచ్చేసరికి మా ఆయన నాకో జాకెట్టు కుట్టి పెట్టారు. ముదురు నీలం గుడ్డ, లోపల లైనింగు, నాకు నచ్చే బిగుతు. మిషను కూడా తానే తొక్కారట. ఇన్నేళ్ళ కాపురంలో నా బట్ట నేనే కుట్టుకున్నాను. మురిసిపోయి అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాను. అప్పుడు కనపడింది ఎడమ చేతి కుట్టు.

భుజం దగ్గర నుంచి మోచేతి దాకా ఒక్కో కుట్టూ ఇంతింత పొడుగు. సమంగా లేదు, బిగువూ లేదు.

"ఇదేం కుట్టండీ, పిండి బస్తా మూతి కుట్టినట్టు! ఇప్పుడే విప్పి కుడతాను."

"ఉండనీవే. ముచ్చటపడి కుట్టాను."

ఆ గొంతు విని జాకెట్టు మడిచి పెట్టేశాను. ఈయన కాజా వేస్తే భూతద్దం పెట్టి చూసినా వంక దొరికేది కాదు. జబ్బు ఈయన చేతిని తినేసింది, ఇక మనిషిని కూడా కొంచెం కొంచెంగా తినేస్తుంది అనుకున్నాను. నోరు తెరిచి ఎవరికి చెప్పుకోను? "కాజాలు నేనేస్తాలెండి, మీరు కాసేపు నడుం వాల్చండి," అని పని లాక్కున్నాను. ఆయన నా మొహంలోకి ఓసారి చూసి సూది నా చేతికిచ్చారు. నేను వేసిన కాజాలు ఎలా ఉన్నాయో అడక్కండి.

ఇక ఆగేది లేదని మర్నాడే టీకాకు ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఆయన పేచీ పెట్టలేదు. "ఆ కొత్త జాకెట్టు వేసుకో, నీకు బాగుంటుంది," అన్నారంతే. సరే, మనసు నొప్పించడం ఎందుకని వేసుకున్నాను.

నర్సు చిన్నపిల్ల, నవ్వుమొహం. "అన్ని రకాల నిమోనియానూ ఇది ఆపలేదు తాతగారూ. కానీ ప్రాణం మీదకు తెచ్చేదాన్ని చాలావరకు ఆపుతుంది. చెయ్యి ఒకటి రెండ్రోజులు నొప్పెడుతుంది," అంది. మా ఆయన చొక్కా ఎడమ చెయ్యి భుజం దాకా మడిచారు. నేను గోడ మీది గడియారం చూశాను. అయిపోయింది. అమ్మయ్య అనుకుని సంచీ తీసుకున్నాను.

ఆయన లేచి, కుర్చీ నా వైపు తిప్పారు. "ఇప్పుడు ఈవిడకమ్మా."

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!"

"ఈ వయసులో గుండ్రాళ్ళకు కూడా వేస్తాం, కూర్చోండమ్మా," అంది నర్సు.

"చెయ్యి పైకి జరగదు తల్లీ. చూడు ఎంత బిగుతో. ఇంకోసారి వస్తాలే."

మా ఆయన నా పక్కకు వచ్చి భుజం దగ్గర వేలితో తడిమారు. "కదలకు," అని ఒక దారం కొస పట్టుకుని లాగారు. సర్రుమంటూ కుట్టంతా మోచేతి దాకా ఊడిపోయింది. ఇంకో కొస లాగారు, లైనింగూ విడిపోయింది. నా చెయ్యి బయట పడింది.

గొలుసు కుట్టు! పిండి బస్తా మూతికి వేసేదే. సరైన కొస లాగితే మొత్తం ఊడొస్తుంది. లైనింగు మధ్య దాచేసరికి కుట్టుపనిలో జుట్టు నెరిసిన నేను పోల్చుకోలేకపోయాను.

"అంటే మీ చెయ్యి బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉంది."

"మీ చెయ్యి పోయిందని నేను కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారా? మీరు మనిషేనా?"

"చెబితే విప్పి కుట్టేసేదానివిగా," అన్నారు మెల్లగా. ఊడిన దారం వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అన్నారు. "ఊపిరాడక పడున్నప్పుడు కూడా నాకు భయం వేయలేదే. పక్కన నువ్వున్నావు కదా. ఆ మంచం మీద నువ్వుంటే పక్కన కూర్చోవడం నావల్ల కాదు. నిన్నలా చూడలేను."

ఇంత పొడుగు మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నేను కూర్చున్నాను.

"కరవాలనిపిస్తే నా చెయ్యి కరిచెయ్," అని అరచెయ్యి అందించారు. నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. నేనెవరినీ కరవలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. "అయిపోయిందమ్మా," అంటే నమ్మలేదు.

ఇంటికొచ్చి వేరే జాకెట్టు తొడుక్కుని, ఊడినదాన్ని పట్టుకుని మిషను ముందు కూర్చోబోతే ఆయన లాక్కున్నారు. "ఇది చేతిపని. నాది." కిటికీ దగ్గర కూర్చుని, సూదిలో దారం ఒక్క పోటుకే ఎక్కించి కుట్టడం మొదలుపెట్టారు. కుట్టు పక్కన కుట్టు, బియ్యపు గింజల్లా సమంగా పడుతున్నాయి. వేలు వణకలేదు. నేను వేసిన కాజాలన్నీ విప్పాల్సినవేనని పనిలో పనిగా చెప్పారు కూడా. నాకు కోపం రాలేదు. చూస్తూ చూస్తూ ఉండగా కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

"ఏమైందే?"

"సూది పోటు. చెయ్యి సలుపుతోంది," అన్నాను చెయ్యి పట్టుకుని.

ఆయన ఓరకంట చూశారు గానీ కుట్టు మీంచి తల ఎత్తలేదు. "సూది వేసింది ఎడమ చేతికి," అన్నారు. "నువ్వు పట్టుకున్నది కుడిచెయ్యి."