అక్క చూసి చెప్పిన సినిమాలు

సినిమా పాటలంటే చెవి కోసుకునేవాళ్ళు ఎక్కడ చూసినా ఉంటారు. పాట వస్తే లేచి బయటికి పోయి, మాటలు ఆగిపోయి ఫిడేళ్ళో ఫ్లూటో మెల్లగా అందుకునే చోటుకి పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు మాత్రం బాగా తక్కువ. అలా పిచ్చి ముదిరిన పాతికమంది కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దానికి 'మాటల్లేని చోటు' అని పేరు పెట్టారు.

ఆ గ్రూపులో ప్రతివాళ్ళూ పొద్దున్నే ఒక మెసేజ్ పెట్టాలి. ఇవాళ ఏ సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వింటున్నారు, అది ఏ సీన్లో వస్తుంది, అప్పుడు తెర మీద ఏం జరుగుతుంటుంది, అన్నీ గొంతుతోనే చెప్పాలి. రాతలు నిషేధం. ఈ రూలు పెట్టింది గ్రూపుకి పెద్దదిక్కైన బేకరీ ఆవిడ. ఆవిడ చేతులకి పొద్దస్తమానం పిండే కాబట్టి టైపు చెయ్యడం కుదరదు. తన ఇబ్బందిని తీసుకొచ్చి అందరి నెత్తినా చట్టంగా పెట్టింది.

ఆ చట్టం వల్ల బాగుపడింది మాత్రం మైకు. అది గ్రూపువాళ్ళు పెట్టిన ముద్దుపేరు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు అతనిది. చిన్న గది, గీరుమనే ఫ్యాను, ముందో మైకు, ఒక చెవిలో కంప్యూటర్ బస్సుల వివరాలు చదివిపెట్టే ఇయర్‌ఫోను. ఆ గదికి పెద్ద అద్దాల కిటికీ కూడా ఉంది కానీ దానితో అతనికి పనిలేదు. పుట్టుకతోనే చూపు లేదు.

ఈ సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదు. దాచాలని కాదు. ఎక్కడికెళ్ళినా అతనికంటే ముందు ఆ కబురే వెళ్ళి కూర్చుంటుంది. ఒక్కచోటైనా తను ముందు వెళ్దామని ముచ్చటపడ్డాడు. పైగా బేకరీ ఆవిడ అతని మెసేజ్ విన్నప్పుడల్లా, "మా మైకు చెప్తుంటే కళ్ళకి కట్టినట్టు ఉంటుందమ్మా," అని మురిసిపోయేది. అది విని అతను గదిలో ఒక్కడే కూర్చుని కడుపుబ్బ నవ్వుకునేవాడు.

చూపు లేనివాడికి ఆ సీన్లన్నీ ఎలా తెలుసంటారా? అక్క చెప్పింది. వాళ్ళ మేనమామ సినిమాహాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఆదివారం మ్యాట్నీకి మేనకోడలు, మేనల్లుడు వెళ్తే టికెట్టు అడిగేవాళ్ళు లేరు. అలాగని కుర్చీలూ ఇచ్చేవాళ్ళు కారు. అన్నిటికంటే వెనక, ప్రొజెక్టర్ గది గుమ్మం పక్కనున్న మెట్టు మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చునేవారు. మాటలు వస్తున్నంతసేపూ తమ్ముడికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మాటలు ఆగి మ్యూజిక్ మొదలవగానే అక్క అతని చెవి దగ్గరికి వంగి, తెర మీద ఏం జరుగుతోందో గుసగుసగా చెప్పేది. మ్యూజిక్ అంటే ఇష్టమా, అక్క చెప్పడమంటే ఇష్టమా అని ఇప్పుడు అడిగినా అతను విడదీసి చెప్పలేడు. ఫ్లూటు వినపడితే చాలు, దాని వెనకాలే అక్క గొంతు వచ్చేస్తుంది.

అంతా సవ్యంగా సాగిపోతుండగా గ్రూపులోకి డ్రైవింగ్ మాస్టారు దిగాడు. జనానికి కారు నేర్పడం ఆయన ఉద్యోగం. పక్కసీట్లో కూర్చుని ఎదుటివాడి తప్పులు పట్టీ పట్టీ, తప్పు కనపడకపోతే ఆ రోజు అన్నం సయించని స్థితికి వచ్చాడు.

ఆ పొద్దున మైకు ఒక పాత సినిమా మ్యూజిక్ గురించి చెప్పాడు. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో ఒంటరిగా బతికే మనిషి కథ అది. "ఆఖర్న అన్ని వాయిద్యాలూ ఆగిపోయి ఫ్లూటు ఒక్కటే మిగులుతుంది చూడండి, అప్పుడు దూరంగా ఇసకలో ఒక తెల్లగుర్రం పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతుంది. ఆ గుర్రం కనపడనంత దూరం వెళ్ళాకే ఫ్లూటు ఆగుతుంది."

క్షణం ఆలస్యం లేకుండా జవాబొచ్చింది. "గుర్రమేంటి బాబూ? అది కారు! తెల్లకారు! నేను స్టీరింగు పట్టిన కొత్తలో అలాంటి బండే తోలాను. నా బండిని పట్టుకుని గుర్రం అంటావా?"

అందరూ నవ్వారు. మైకు కూడా నవ్వి, పాత సినిమా కదా, పొరబడ్డానన్నాడు. మాస్టారు అక్కడితో వదిలితే ఆయన మాస్టారు ఎందుకవుతాడు? మైకు పాత మెసేజ్‌లన్నీ తవ్వి తీశాడు. ఒక సినిమాలో హీరో సొంతూరు వదిలి వెళ్తుంటే కొండ మీద ముగ్గురు మనుషులు చేతులూపుతారని మైకు చెప్పాడు. వాళ్ళు మనుషులు కారు, చెట్లు. ఇంకో సినిమాలో రేవులో నిలబడిన ఆవిడ చంకలో పసిపిల్ల ఉందన్నాడు. అది పిల్ల కాదు, బట్టల మూట. "అసలీయన సినిమాలు చూశాడా? లేక మనందరి చెవుల్లో పువ్వులు పెడుతున్నాడా?" అని గ్రూపులో అందరూ వినేలా అడిగేశాడు.

బేకరీ ఆవిడకి కోపం వచ్చింది. మైకు తరఫున వాదిద్దామని ఇంట్లో ఆ కొండ ఉన్న సినిమా పెట్టుకుని చూసింది. తర్వాత విడిగా అతనికి ఫోన్ చేసి, నొప్పి తెలియకుండా ముల్లు తీస్తున్నట్టు మెల్లగా చెప్పింది. "చెట్లే నాయనా. గాలికి ఊగుతున్నాయి. మనుషులెవరూ లేరు."

ఇక దాచి ప్రయోజనం లేదనిపించింది. మైకు గ్రూపులో చెప్పేశాడు. "నాకు కళ్ళు కనపడవండీ. చిన్నప్పుడు మా అక్క పక్కన కూర్చుని చూసి చెప్పింది. నేను అదే మీకు చెప్పాను. తప్పయితే క్షమించండి." ఆ తర్వాత ఫోను పక్కన పడేసి బస్సుల పని చూసుకున్నాడు. ఆ రోజు అతని గొంతు విన్న ప్రయాణికులకి తేడా తెలియలేదు కానీ, లోపల మాత్రం ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. అక్క నన్ను ఆటపట్టించిందా? గుడ్డి తమ్ముడు, ఏం చెప్పినా నమ్ముతాడు, నోటికొచ్చింది చెప్పేద్దామనుకుందా? ఆ గుర్రం లేకపోతే అక్క చెప్పినవాటిలో ఇంకేవేవి లేవు? అతను లోకంలో చూసిందంతా అక్క నోటితోనే. అది కూడా పోతే ఇక మిగిలేదేం లేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి అక్క ఫోన్ చేస్తుంది. ఆ రోజు ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

గ్రూపులో డ్రైవింగ్ మాస్టారు, నోరు జారానని, చెంపలేసుకుంటున్నానని మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నాడు. మైకు వాటికీ పలకలేదు. అప్పుడు గ్రూపులో ఎప్పుడూ రెండు ముక్కలకి మించి మాట్లాడని కళ్ళజోళ్ళ షాపాయన ఫోన్ చేశాడు.

"మైకు గారూ, మీ పాత మెసేజ్‌లన్నీ మళ్ళీ విన్నానండీ. ఒక్కమాట అడగనా? మీరు హాల్లో ఎక్కడ కూర్చునేవారు?"

"అన్నిటికంటే వెనక."

"అదీ సంగతి. మీరు చెప్పినవాటిలో తప్పులన్నీ దూరంగా కనపడేవే. తెర నిండా వచ్చినవాటిలో ఒక్కటి కూడా తప్పు లేదు. పడవ సినిమాలో ఆ అమ్మాయి కనురెప్ప మీద నీటిచుక్క ఆగిందన్నారు, అది నిజంగా ఉంది. కథలు అల్లేవాళ్ళు ఇలా అల్లరండీ. దగ్గరిదయితే నిజం, దూరానిదయితే అబద్ధం అని ఎవరైనా లెక్క వేసుకుని చెప్తారా? మీ అక్కగారికి కళ్ళజోడుందా?"

"ఉంది. కుట్టుపనిలో చేరాక వచ్చింది. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళు పాడయ్యాయంటుంది."

"కుట్టేటప్పుడు పెట్టుకుంటారా?"

అక్క మిషను ముందు కూర్చోగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. ఆ టక్కుమనే చప్పుడు అతనికి బాగా తెలుసు. మళ్ళీ వీధిలోకి వెళ్ళేటప్పుడు వెతుక్కుని పెట్టుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు వింటూ కూడా ఎందుకా అని ఆలోచించలేదు.

"తీసేస్తుందండీ," అన్నాడు.

"అయితే అది కుట్టుపని వల్ల వచ్చింది కాదు. ఆవిడకి దూరం ఆనదు. చిన్నప్పటినుంచీ ఆని ఉండదు. దూరంగా ఉన్న చెట్టుని మనిషనుకుని పలకరించానని చెప్పేవాళ్ళు నా షాపుకి ఎంతమంది వస్తారనుకున్నారు? మీ అక్కగారు అబద్ధం చెప్పలేదండీ. తనకి ఎలా కనపడిందో అలాగే చెప్పారు."

మైకు ఆ సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా అక్క కొట్టుకి వెళ్ళాడు. బట్టలు బిగుతు చెయ్యడం, వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం అక్క పని. గుమ్మంలో కర్ర చప్పుడు వినగానే మిషను ఆగింది.

"వచ్చావా మహానుభావా! ఫోనెత్తడానికి చేతులు పడిపోయాయా? బతికున్నావో లేదో తెలియక ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"అక్కా, ఆ లైట్‌హౌస్ సినిమాలో ఆఖర్న ఇసకలో పరిగెత్తింది ఏంటి?"

"తెల్లగుర్రం," అంది అక్క ఠక్కున. "ఇది అడగడానికా ఇంతదూరం వచ్చావు?"

"అది కారట."

బల్ల మీద కత్తెర పెట్టిన చప్పుడు, తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి.

"కారా? నాకు గుర్రంలాగే కనపడిందిరా. ఒట్టు."

"నీకు చిన్నప్పటినుంచీ దూరం కనపడదా అక్కా?"

"అమ్మ నిన్ను చంకనేసుకుని ఏ డాక్టరు పేరు చెప్తే ఆ డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. అందరూ లాభం లేదనేవారు. ఇంటికొచ్చి నా గడ్డం పట్టుకుని, 'కనీసం దీని కళ్ళైనా బాగున్నాయి, అదే పదివేలు,' అని ఏడ్చేది. అలాంటి మనిషితో నాకూ సరిగ్గా కనపడట్లేదని ఎలా చెప్పమంటావు?"

"మరి బళ్ళో?"

"ముందు బెంచీలో కూర్చునేదాన్ని. అక్కడికీ బోర్డు ఆనకపోతే పక్కపిల్లది చూసి రాసుకునేదాన్ని. దాని తప్పులు కూడా నాకే వచ్చేవి." అక్క ముక్కు ఎగబీల్చి నవ్వింది. "మొదటి జీతంతో కళ్ళజోడు కొనుక్కున్నా. పెట్టుకుని బయటికొస్తే కరెంటు తీగల మీద పిట్టలున్నాయిరా. అవి అక్కడ కూర్చుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు."

మైకుకి ఒక్కసారిగా ఆదివారం సాయంత్రాలు గుర్తొచ్చాయి. సినిమా నుంచి రాగానే అక్క తలకి గుడ్డ కట్టుకుని పడుకునేది. సినిమాలు ఎక్కువయ్యాయని అమ్మ తిట్టేది. ఆ తలనొప్పి ఎందుకొచ్చేదో ఇప్పుడు తెలిసింది. సినిమా మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా కళ్ళు చిట్లించుకుని, ఆ మసకలోంచి ఒక్కో బొమ్మనే పట్టి లాగి తన చెవిలో వేసింది. అలాంటి మనిషిని రెండు రోజులపాటు అనుమానించినందుకు అతనికి తలెత్తుకోబుద్ధి కాలేదు.

"నువ్వు నన్ను ఆటపట్టించావనుకున్నానక్కా."

"తంతాను."

"తన్నినా పడతాను. ఆ డ్రైవింగ్ మాస్టారు తప్పు పట్టబట్టి ఇదంతా బయటపడింది. ఆయనకీ, కళ్ళజోళ్ళాయనకీ దండం పెట్టుకోవాలి. నీకు ఎన్ని దండాలు పెట్టినా సరిపోదు. నీకే కనపడక అవస్థ పడుతూ నాకు అన్ని సినిమాలు చూపించావు. నాకున్న లోకమంతా నువ్వు పెట్టిందే. థాంక్సు అక్కా. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది."

అక్క లేచి వచ్చి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

"ఇంటి దగ్గర్నుంచి హాలుకి వెళ్ళాలంటే మధ్యలో పెద్దరోడ్డు దాటాలి, గుర్తుందా?"

"ఎందుకు లేదు? నువ్వే కదా చెయ్యి పట్టుకుని దాటించేదానివి."

"అమ్మ అలాగే అనుకునేది. నువ్వూ అలాగే అనుకున్నావు. ఆ రోడ్డు మీద ఏది వస్తోందో, ఎంత దూరంలో ఉందో నాకు తెలిసి చచ్చేది కాదు. మీదికొచ్చేదాకా అన్నీ ఒకటే దుమ్ము. నీకేమో ఎక్కడో ఉన్న లారీ కూడా వినపడేది. అది వినపడగానే నీ చెయ్యి బిగుసుకునేది. బిగుసుకుంటే ఆగేదాన్ని. వదులైతే నడిచేదాన్ని. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే."

పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరు అతన్ని చెయ్యి పట్టుకుని దాటిస్తూనే ఉన్నారు. వాళ్ళందరికీ తను బరువని అతను ఎప్పుడూ బయటికి అనలేదు కానీ, అనుకోని రోజు లేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"థాంక్సు చెప్పాల్సి వస్తే నేనే రావాలిరా మీ ఇంటికి," అంది అక్క, అతని చెంపలు తన కొంగుతోనే గట్టిగా తుడుస్తూ. "ఈ జిప్పుల గొడవ తెమలక రాలేదంతే."