లేదని పంపినవాళ్ళ పుస్తకం

మా వదిన మా ఊరి ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటుంది. నోట్లో నాలుక లేని మనిషి. కూర మాడిందని ఎవరన్నా ఏమన్నా నవ్వేసి ఊరుకుంటుంది. అందుకే ఆవిడ మీద జోకులేయడం నాకు అలవాటైపోయింది.

నేను ఊరి కౌన్సిల్ ఆఫీసులో గుమాస్తాని. ఆసుపత్రి కాగితాలు మా ఆఫీసు మీదుగానే పైకి పోతాయి. ఆర్నెల్లుగా మూర్ఛ మాత్రలు రావడం లేదు. ఈలోగా ఆ మాత్రలు ఎన్ని వాడారో రాయమని పైనుంచి కాగితం వచ్చింది. మాత్రలే లేకపోతే వాడకం ఎక్కడిది? 'సున్నా' అని రాసి పడేశాను. సున్నా అంటే ఊళ్ళో ఎవరికీ అవసరం లేదనుకుని, పైవాళ్ళు మా కోటా మొత్తం కొట్టేశారు. ఆ ఘనకార్యం నాదే.

మా ఊళ్ళో దర్జీ మూర్ఛ ఉన్న తన కూతురికి ఇన్నాళ్ళూ బయట కొని వేశాడు. ఇక అతని వల్ల కాలేదు. ఇంట్లో తొమ్మిది రోజుల మాత్రలే మిగిలాయి. మందు ఆగితే ఆ పిల్ల మళ్ళీ ఎక్కడ పడిపోతుందో తెలీదు. కౌన్సిల్ నిధుల్లోంచి కొనొచ్చుగానీ, ఆ డబ్బుతో ఆఫీసుకి కొత్త గేటు పెట్టించాలనుకున్నారు.

మందుకి డబ్బడగడానికి కౌన్సిల్ సమావేశానికి వదిన వచ్చింది. కౌన్సిల్ ప్రెసిడెంటు నేను రాసిన కాగితం చూపించి, అడిగేవాళ్ళే లేని మందు ఎందుకమ్మా అన్నాడు. ఆవిడ సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. మందు లేదని తిప్పి పంపినవాళ్ళందరూ తేదీలతో సహా అందులో ఉన్నారు. నిలబడి చదివింది. బస్సు డ్రైవరు తల్లి, మూడుసార్లు. గొర్రెలకాపరి, నాలుగుసార్లు, తర్వాత రాలేదు. దర్జీ కూతురు, ఆరుసార్లు.

"ఇదంతా రాయమని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఎవరూ చెప్పలేదండి. లేదన్నప్పుడల్లా వాళ్ళ ముఖాలు గుర్తుండిపోయేవి. రాసేస్తే మర్చిపోతాననుకున్నా. మర్చిపోలేదు."

మరి ఈ సున్నా ఎవరు రాశారని ఆయన అడిగాడు. వదినకి తెలుసు. తల వంచుకుందే తప్ప నా వైపు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి, నేనేనండి అన్నాను.

గేటు ఆగింది. ఏడో రోజుకి మాత్రలొచ్చాయి. దర్జీ కూతురు కిటికీ దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ చీటీ చూపించి, జవాబు కోసం ఆగకుండానే వెనక్కి తిరిగింది. వదిన ఆ పిల్లని పిలవబోయింది. అంతలోనే కిటికీలోంచి చెయ్యి చాపి ఆ పిల్ల ఓణీ కొంగు పట్టుకుని ఆపింది.