వైఫై ఆపేయండి

ఎర్జాత్ అగా పద్ధతి తప్పని మనిషి. ఆ రోజు కొంప ముంచింది ఆ పద్ధతే.

మా ఆపరేటింగ్ సిస్టమ్‌లో వైఫై కోడ్ చూసుకునేది మేమిద్దరం; నాకన్నా పెద్దవాడు కనక ఆయన్ని అగా అంటాను. అందులో తప్పు పట్టుకుంది నేను. చుట్టుపక్కల ఏ వైఫైలున్నాయో యంత్రం వెతుకుతున్నప్పుడు ఒక్కొక్కటీ తన వివరాలు గాలిలోకి పంపుతుంది. వాటి కోసం మా కోడ్ మెమరీలో కాస్త చోటు తీసిపెడుతుంది. వచ్చినవి అందులో పడతాయో లేదో మాత్రం చూసుకోదు. ఎవరైనా కావాలని చాంతాడంత వివరాలు పంపితే అవి పొర్లి పక్క మెమరీ మీద పడతాయి. ఇక పాస్‌వర్డ్‌తో పనిలేదు. గోడ అవతల నిలబడే యంత్రాన్ని చేజిక్కించుకోవచ్చు.

ఇలాంటివి బయటపడినప్పుడు మాకో కట్టుబాటుంది. మరమ్మతు అందరికీ చేరేదాకా, దాన్ని చూసే నలుగురికీ తప్ప ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్నవాడికైనా సరే. మా ఆయన దౌరెన్‌కి నేను చెప్పలేదు. గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్న మనిషికి చెప్పి ఏం లాభం? కానీ అతని మంచం పక్కన మందు ఎక్కించే పంపు మా సిస్టమ్‌తోనే నడుస్తోందని చూసినప్పటి నుంచీ నాకు తిండి సయించడం లేదు.

ఆ మధ్యాహ్నం ఎర్జాత్ అగా మరమ్మతును ఆ నలుగురికీ మెయిల్ చేశాడు. ఏ మరమ్మతు కిందైనా అది ఎవరెవరికి చేరాలో రాయడం మా అలవాటు. ఏళ్ల తరబడి రాసిన చెయ్యి, అందరూ చదివే మెయిలింగ్ లిస్టు చిరునామా కూడా రాసేసింది. మెయిల్ పంపే ప్రోగ్రాం దాన్ని చదివి, అడగకుండానే అక్కడికీ ఒక కాపీ పంపేసింది. యంత్రాన్ని ఎలా పడగొట్టాలో చూపే పరీక్ష కోడ్ కూడా అందులోనే ఉంది.

"సందుగాష్, ఒకసారి ఇటు రా."

ఆయన స్క్రీన్ నా వైపు తిప్పాడు. మెయిల్ వెళ్లిన చిరునామాల్లో ఆ లిస్టు ఉంది.

"వెనక్కి తీసుకోలేమా అగా?"

"పోయింది పోయినట్టే."

"మరి పంపుల కంపెనీవాళ్లు?"

"వాళ్ల మరమ్మతుకి ఇంకా రెండు వారాలు పడుతుందని ఆ నలుగురిలో ఉన్న వాళ్ల మనిషి అన్నాడు. ఆ లిస్టులో రోజూ వందల మెయిళ్లు పడతాయి. ఎవడు చదువుతాడులే."

"మీరు చదవరా? ఇలాంటివి ఏరుకుని బతికేవాళ్లు చదవరా?"

ఆయన కళ్లు దించుకున్నాడు. "ఆ నలుగురికీ నేను చెప్తా. నువ్వు మాత్రం బయట నోరు మెదపకు. మాటిచ్చాం."

సోర్పా, అదే మాంసం చారు, పోసిన ఫ్లాస్కు చంకన పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

"ఏంటి, ఇంత తొందరగా ఊడిపడ్డావ్? పోయాననుకున్నావా?" అన్నాడు దౌరెన్.

పంపు మెనూ తెరిచి వైఫై ఆపేశాను. మందు ఆగదు, లెక్కలు నర్సు బల్ల మీది తెరకి చేరవు, అంతే.

"దాన్నెందుకు కెలుకుతున్నావ్?"

"ఊరికే."

పక్క మంచం మీది తాత తల తిప్పాడు. "అమ్మాయ్, మీ ఆయనకి చేసిందే నాక్కూడా చేసి పో తల్లీ. అదేంటో నాకు తెలీదు. కానీ కట్టుకున్నవాడికి చెడు చెయ్యవు గదా."

ఈపాటికి ఊరూపేరూ తెలియని దొంగలందరి దగ్గరా ఆ మెయిల్ ఉండి ఉంటుంది. తెలియంది ఈ మంచాల మీద ఉన్నవాళ్లకే.

నర్సు కుల్యాష్ విసవిసా వచ్చింది. "ఎవరు ఆపింది? బల్ల మీది తెరలో ఈ మంచం కనబడట్లేదు!"

"నేనే అక్కా. వార్డులో అన్నిటికీ వైఫై ఆపేయండి."

"బానే ఉంది! అన్నీ ఆపితే మంచం మంచానికీ తిరిగి చూసుకోవాలి. ఉన్నది ఇద్దరం. ఎందుకో చెప్పు ముందు."

చెప్పేశాను. ఎవరు ఎలా లోపలికి రాగలరో, వస్తే మందు ఎంత ఎక్కాలో వాళ్లే ఎలా మార్చగలరో, అంతా చెప్పాను. కుల్యాష్‌కి సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు.

"ఇది నీకెప్పట్నించి తెలుసు?"

"ఈయన్ని ఇక్కడ చేర్చక ముందు నుంచీ."

కుల్యాష్ వెనుదిరిగింది. తాత పంపు దగ్గరికి వెళ్లి వైఫై ఆపింది, తర్వాతి మంచం దగ్గరికి నడిచింది. ఇన్ని రోజులూ ఆ పంపు పక్కనే పడుకున్న దౌరెన్ మాత్రం నన్నే చూస్తున్నాడు.