శనివారం దూది

శనివారం సాయంత్రం పాటల కార్యక్రమం అయిపోయి జనమంతా ఇళ్ళకు మళ్ళాక, వదిన కొంగు నడుముకు దోపి, చీపురు పట్టుకుని హాల్లోకి దిగేది. ముందు తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపేది. ఫ్యాన్లు తిరుగుతుంటే రాలిన పాటంతా గాల్లోకి లేచి గోడలకు అంటుకుంటుంది. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని దులపలేక నడుం పడిపోవాల్సిందే.

డ్రమ్ముల మోత వేదిక ముందు గులకరాళ్ళలా పడి ఉండేది. దాన్ని తట్టలోకి ఎత్తి హాలు వెనక పూలకుండీల మధ్య దారిలో పోసేది. బేస్ గిటార్ శబ్దం తడిమట్టి ముద్దల్లా బరువుగా ఉంటుంది. గాలికి కొట్టుకునే తలుపుకు ఒక ముద్ద అడ్డం పెడితే చాలు, ఇక కదలదు. పాటగాడి గొంతు ఈకలుగా రాలేది. ఆయన పైస్థాయి అందుకోబోయి అందుకోలేని చోట విరిగిన ఈకలు దొరికేవి. వదిన వాటిని చూసి నవ్వుకుని, ఎవరి కంటా పడకుండా చెత్తబుట్టలో వేసేది. పాటగాడికి కోపమెక్కువ మరి.

గిటార్‌ది మాత్రం దూది. వదిన దాన్ని సంచుల్లోకి ఎత్తి ఇంటికి తీసుకెళ్ళి దిళ్ళు కుట్టేది. వీధిలో సగం ఇళ్ళు ఆ దిళ్ళ మీదే నిద్రపోయేవి.

గిటార్ వాయించేది ఆమె ఆడపడుచు. పగటిపూట ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనం కరిగించి, చిగుళ్ళ అచ్చు మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, అవి పెట్టుకునే మనిషి నవ్వితే ఎలా ఉంటాడో ఊహించుకుంటూ అరగదీస్తుంది. అందుకే అందరూ పళ్ళక్క అంటారు. ఆవిడ చేసిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు అవసరం ఉన్నా లేకపోయినా నవ్వుతూ తిరుగుతారు. గిటార్ దగ్గరా అదే తీరు. ఎక్కడ ఎంత గరుకుండాలి, ఎంత నునుపుండాలి అన్నది ఆవిడ వేళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పొగుడుతున్నానని అనుకోకండి, ఆ దిండు మీద ఒక్కసారి తల పెట్టినవాళ్ళని అడగండి.

అయితే వేళ్ళు ఎంత మంచివైనా, ఆవిడ కాలి కింద ఉండే పెట్టె కూడా మాట వినాలి కదా. ప్రాసెసర్ అంటారు దాన్ని. గిటార్ తీగ నుంచి వచ్చిన శబ్దం అందులోకి వెళ్ళి, మనం కోరిన గొంతు తొడుక్కుని స్పీకర్లోకి వస్తుంది. పళ్ళక్క దగ్గరున్నది ముసలిదైపోయింది. గుండీ తిప్పితే చిటపటలాడేది. పెడల్ తొక్కితే ఒకసారి పలికేది, ఒకసారి అలిగేది. దాంతో దూదిలో ముళ్ళు రావడం మొదలైంది. ఎన్ని ఏరినా వదిన చేతికి ఇంకోటి గుచ్చుకునేది.

అందరికంటే ఆ ముళ్ళు ఎక్కువ గుచ్చుకున్నది పళ్ళక్క అన్నయ్యకి, అంటే వదిన మొగుడికి.

అన్నయ్య ఓడరేవులో క్రేను నడుపుతాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ పైనున్న గాజు గదిలోనే ఉద్యోగం. ఒకరోజు రేవులోకి వచ్చిన ఓడ ఒకటి సరిగ్గా అతని గది ఎత్తులో సైరన్ మోగించింది. ఓడ వెళ్ళిపోయింది గానీ, మోత మాత్రం కుడి చెవిలో ఉండిపోయింది. చెల్లెలి దూది దిండు ఉన్నన్నాళ్ళూ ఆ మోతను కప్పిపెట్టి ఎలాగో నిద్రపోయేవాడు. ముళ్ళు మొదలయ్యాక ఆ నిద్రా పోయింది.

నిద్రలేని చేతులు వణకక ఏం చేస్తాయి? ఒక మధ్యాహ్నం అతను దించిన ఇనప పెట్టె లారీలో పడాల్సింది కాస్త పక్కకి పడి, నేలమీద పెట్టి ఉన్న లారీ డ్రైవర్ టీ ఫ్లాస్కును అప్పచ్చి చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సూపర్‌వైజర్ ఊరుకోలేదు. వచ్చే వారం దాటాక సోమవారం డాక్టర్ చూస్తాడు, చేతులు వణికితే క్రేను దిగి గేటు దగ్గర కూర్చోవాలి అని తేల్చి చెప్పేశాడు.

"గేటు దగ్గరయితే హాయిగా నీడలో కూర్చోవచ్చు కదండీ," అంది వదిన, అతనికి ధైర్యం చెబుదామని.

"పైనుంచి చూస్తే మనుషుల తలలే కనబడతాయి. కింద కూర్చుంటే మొహాలు చూడాలి. నాకంత ఓపిక లేదే," అన్నాడు అన్నయ్య నవ్వుతూ. నవ్వు అయిపోయాక చేతులు మోకాళ్ళ కింద దాచుకున్నాడు. చెల్లెలు అది చూసింది. క్రేను దించేస్తే అతను బతకలేడని ఆమెకు తెలుసు.

ఆ వారంలోనే వాయిద్యాల దుకాణం ఆసామికి పళ్ళక్క పైదీ కిందదీ పూర్తి పళ్ళసెట్టు చేసి ఇచ్చింది. అద్దంలో చూసుకుని ఆయన నవ్వాడు, మళ్ళీ నవ్వాడు, అటు తిరిగి పక్కనుంచి కూడా నవ్వి చూసుకున్నాడు. తర్వాత అద్దాల బీరువా తెరిచి, అందులోంచి కొత్త ప్రాసెసర్ తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. "ఈ నోటితో నిన్ను దీని డబ్బులు అడగలేనమ్మా, తీసుకో," అన్నాడు.

ఆ పెట్టె అందం చెప్పనలవి కాదు. పాతదాంట్లో సగం బరువు లేదు. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, పలుకుతుంది. ఒక గొంతులోంచి ఇంకో గొంతుకి మారేటప్పుడు మధ్యలో తెగదు. పెద్ద స్పీకర్లు, చిన్న స్పీకర్లు, రాతి గోడల హాళ్ళు, చెక్క గదులు అన్నీ అందులో ఒదిగి ఉన్నాయి. పళ్ళక్క దాన్ని మంచం మీద పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, అన్నం సంగతి కూడా మర్చిపోయి కూర్చుంది. కింది స్వరాల బరువు పెంచింది, పై స్వరాల మెరుపు పెంచింది, చివర పొడుగాటి ప్రతిధ్వని తగిలించింది. ఒక్క తీగ మీటితే మేఘాల్లో నడిచినట్టుంది. అన్నయ్యను పిలిచి చెవులకు తగిలించింది.

"ఏముందే ఇది!" అన్నాడు అన్నయ్య కళ్ళు మూసుకుని. "ఇంక నిద్రకేం ఢోకా లేదు."

శనివారం వచ్చింది. హాలు నిండింది. పళ్ళక్క పెడల్ మీద కాలు ఆనించి మొదటి తీగ మీటింది. డ్రమ్ములూ బేసూ పాటా అన్నీ కలిసి వాయించేసరికి ఆ మేఘం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ గట్టిగా మీటింది. శబ్దాలన్నీ కలిపే మిక్సర్ దగ్గరున్నతనికి పెంచమని సైగ చేసింది. పెంచాడు. పెంచినకొద్దీ హోరు పెరిగింది గానీ గిటార్ వినబడలేదు.

కార్యక్రమం అయ్యాక వదిన చీపురు పట్టుకుని వెళ్ళి, కాసేపటికి బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని వచ్చింది. "దూది లేదమ్మాయ్. నేలంతా మంచు పట్టినట్టుంది, అంతే. తుడిచేస్తున్నా."

పళ్ళక్క వేదిక అంచున కూలబడింది. మిక్సర్ దగ్గరి మనిషి వైర్లు చుట్టడం ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు. నోరు విప్పడం చాలా అరుదు కాబట్టి బ్యాండంతా అతన్ని మ్యూటు అని పిలుస్తుంది.

"ఎక్కడ సెట్ చేశావక్కా?" అన్నాడు.

"ఇంట్లో. మంచం మీద."

"హెడ్‌ఫోన్స్‌తో?"

పళ్ళక్క తల ఊపింది.

"అందుకే. అక్కడ నువ్వొక్కదానివే ఉన్నావు," అని మ్యూటు మళ్ళీ వైర్లు చుట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ నెలకు సరిపడా మాటలు అయిపోయాయతనికి.

ఆ మాట పళ్ళక్కని రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు గిటార్ గదంతా తనదే అనుకుంటుంది. కిందా తానే, పైనా తానే, మధ్యలో ఖాళీలోనూ తన ప్రతిధ్వనే. అలాంటిది నలుగురిలోకి వస్తే ఏమవుతుంది? ఎవరో ఒకరు తొక్కేస్తారు. గిటార్ పట్టుకున్నవాళ్ళందరూ చేసే తప్పే అది. ఇన్నేళ్ళు వాయించి తానూ చేసింది, కొత్త పెట్టె మోజులో.

బుధవారం మధ్యాహ్నం ల్యాబుకి సెలవు పెట్టి, బ్యాండునంతా హాలుకి పిలిచింది. అన్నయ్య కూడా వచ్చాడు, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో. అందరూ వాయిస్తుంటే ఆవిడ ప్రాసెసర్ ముందు నేలమీద మఠం వేసుకుని కూర్చుంది. కింది బరువంతా తీసేసి బేస్ వాయించేవాడికి వదిలేసింది. ప్రతిధ్వని కత్తిరించింది. గరుకు సగానికి తగ్గించింది. మిడ్ అనే మధ్య భాగాన్ని, మామూలుగా ఎవరూ ఇష్టపడని ఆ ముక్కుతో మాట్లాడే భాగాన్ని, పైకి తెచ్చింది.

"ఒక్కసారి అందరూ ఆపండి, ఇది మాత్రం వింటాను," అని మీటింది.

"జలుబు చేసిన మేక అరిచినట్టుంది," అన్నాడు పాటగాడు.

"అందరూ కలపండి ఇప్పుడు."

కలిపారు. గిటార్ ఎవరినీ తొయ్యకుండా అందరి మధ్యలోకి వచ్చి నిలబడింది. ప్రతి తీగా విడివిడిగా, స్పష్టంగా, చివరి కుర్చీ దాకా వినిపించింది. పాటగాడు మేక మాట వెనక్కి తీసుకోలేదు గానీ, ఆ పాట మాత్రం ఒక్క ఈక కూడా విరగకుండా పాడాడు. వదిన అప్పటికప్పుడు గుప్పెడు దూది ఎత్తి చూసింది. తెల్లగా, దట్టంగా ఉంది, ఒక్క ముల్లు లేదు. దాన్ని రెండు కుర్చీలు కలిపిన చోట పెట్టి భర్తను పడుకోమంది.

అతను తల ఆనించాడు. కాసేపటికి లేచి కూర్చున్నాడు.

"బాగుందే చెల్లీ. మెత్తగా ఉంది. కానీ చెవి లోపలివాడు ఆగడం లేదు. మీ బ్యాండులో ఇంకొకడు చేరి వాయిస్తున్నట్టుంది."

పళ్ళక్క గిటార్‌ని ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ ఆ మోతను కప్పాలనే చూసింది. నోట్లో నాలుకకు చోటు వదలకుండా కడితే ఎంత అందమైన పళ్ళసెట్టయినా ఎవరూ పెట్టుకోలేరు. అది తెలిసిన మనిషికి ఇది తట్టకపోవడమేమిటని తనమీద తనకే కోపమొచ్చింది.

"వాడేం వాయిస్తున్నాడో పాడి చూపించు అన్నయ్యా."

"నేనా? పాడడమా?"

"సిగ్గుపడకు. ఇక్కడ ఈకలు విరగ్గొట్టేవాళ్ళు ఉన్నారులే."

అన్నయ్య గొంతు సవరించుకుని, సన్నగా, పైన ఎక్కడో, "ఈఈ..." అన్నాడు. "తప్పు, ఇంకా పైన," అన్నాడు. పళ్ళక్క సన్నతీగ మీద వేలు జరుపుతూ వెతికింది. ఒకచోట అన్నయ్య చెయ్యెత్తాడు. "వాడే!"

పాత పెట్టెలో అయితే పై శబ్దమంతా తగ్గించేయాల్సి వచ్చేది, దూది మసిగుడ్డలా తయారయ్యేది. కొత్తదాంట్లో ఆవిడ సరిగ్గా ఆ ఒక్క చోటు మీద వేలు పెట్టి, వెంట్రుకంత వెడల్పున, పన్ను అరగదీసినంత జాగ్రత్తగా చెక్కేసింది. తన గిటార్లో అన్నయ్య మోతకు ఒక గది వదిలింది. విన్నవాళ్ళకెవరికీ తేడా తెలియలేదు. మ్యూటు మాత్రం మిక్సర్ దగ్గర్నుంచి తల పైకెత్తి చూసి బొటనవేలు చూపించాడు.

ఆ శనివారం పళ్ళక్క వాయించినట్టు ముందెప్పుడూ వాయించలేదు. కుర్చీలు నిండిపోయి జనం గోడలకు ఆనుకుని నిలబడి విన్నారు. వాళ్ళు వెళ్ళాక నేలమీద మోకాలి లోతు దూది. దగ్గర పెట్టుకుని చూస్తే ప్రతి పోగులోనూ పూసకు ఉన్నంత చిన్న రంధ్రం ఉంది. వదిన అక్కడే కూర్చుని గలీబులో దూది కూరి, పక్కకుట్టు వేసి దిండు అందించింది. అన్నయ్య వేదిక మీదే ఒరిగాడు.

చెవిలోని మోత ఒకసారి అటూ ఇటూ తచ్చాడింది. తర్వాత తన సైజుకు చేసిన గది కనబడిందేమో, అందులోకి దూరి కూర్చుంది.

వైర్లు చుట్టే శబ్దంలో ముందు ఎవరూ గమనించలేదు. మ్యూటు ఒక మైకు ఆపడం మర్చిపోయాడు, అన్నయ్య తల పక్కనే ఉన్నదాన్ని. స్పీకర్లలోంచి గురక మొదలైంది. చెక్కపొట్టులా నేలమీద రాలసాగింది. వదిన చీపురుతో అటు నడిచి, రెండు సార్లు ఊడ్చి ఆగిపోయింది. ఆ గురక విని ఎన్ని నెలలైందో. ఇదివరకు దాన్ని తిట్టుకునేది, మొగుడ్ని మోచేత్తో పొడిచేది. ఇప్పుడు చీపురు పట్టుకునే నేలమీద కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా వింది.

"ఆపనా అక్కా మైకు?" అన్నాడు మ్యూటు మెల్లిగా.

"ఉండనీ. కాసేపు విననీ," అంది పళ్ళక్క.

సోమవారం పొద్దున అన్నయ్య డాక్టర్ దగ్గరికి వెళ్తూ, "పైకి ఎక్కనిస్తే క్రేను హారన్ కొడతాను. వినబడకపోతే గేటు దగ్గరికి రండి, మొహాలు చూసుకుందాం," అన్నాడు.

ల్యాబులో పళ్ళక్క ఎవరివో దవడపళ్ళు చేత్తో పట్టుకుని కిటికీ పక్కనే కూర్చుంది. పొద్దు ఎక్కింది. మైనం రెండుసార్లు కరిగి రెండుసార్లు గడ్డకట్టింది. ఇక హారన్ రాదేమోనని, గేటు దగ్గర అన్నయ్యతో ఏం మాట్లాడాలో ఆలోచించడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది రేవు వైపు నుంచి. ఒకే ఒక్క హారన్, పొడుగ్గా, తొణక్కుండా, ఊరంతటి మీదుగా. లారీల రొదలో, ఓడల గోలలో ఎక్కడా మునిగిపోలేదు.

"మిడ్ బాగా పెట్టాడు," అంది పళ్ళక్క పైకే, ఏడుస్తూ.

గాలికి కొట్టుకొచ్చిన చిన్న హారన్ ముక్క ఒకటి కిటికీలోంచి వచ్చి బల్ల మీద, పళ్ళ పక్కన పడింది. ఇనుములా నల్లగా, ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని తీసి, వదినకు చూపించాలని జేబులో వేసుకుని, దవడపళ్ళ పని మళ్ళీ మొదలుపెట్టింది.