రోజా చేతి పప్పు

"ఇంట్లో ఏం తింటుంది?" అని డాక్టరమ్మ అడిగితే నాగేందర్ కూతురి వైపు చూశాడు.

ఆ పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుండగా మనీష కళ్లు తిరిగి పడిపోయింది. ఫోన్ రాగానే, చిక్కడపల్లిలో తాను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ ఆపేసి పరుగెత్తాడు. నారాయణగూడలో ఒక క్లినిక్‌కు తీసుకొచ్చి పరీక్ష చేయిస్తే ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. పదిహేనేళ్ల పిల్ల. బల్ల మీద పడుకుని పైకప్పు వైపు చూస్తోంది.

"అన్నమే తింటది మేడం. కూరలు బయటికెళ్లి తెస్త," అన్నాడు.

"రోజూనా?"

"రోజూ."

"పొద్దున?"

"బ్రెడ్డు, జాము. లేకుంటె నూడుల్సు. పిల్లలే చేసుకుంటరు."

"వాళ్లమ్మ ఏం చేస్తారు?"

మనీష తల గోడవైపు తిప్పుకుంది. "లేదు మేడం," అన్నాడు నాగేందర్. డాక్టరమ్మ రాస్తున్నది ఆపి, పిల్ల వైపు చూసి, మళ్లీ రాసింది. మందులతో పాటు ఆకుకూరలు, పప్పు, గుడ్లు, పల్లీలు, బెల్లం పెట్టమంది. పాకెట్ల తిండి తగ్గించమంది. "ఒక్కసారే వద్దు, మెల్లగా మార్చండి," అని కూడా అంది. ఆ చివరి మాట నాగేందర్ చెవికెక్కలేదు.

నాగేందర్ భార్య రోజా డెంగీ జ్వరంతో పోయి రెండేళ్లు దాటింది. అశోక్‌నగర్‌లో, సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ల మధ్య ఒక సందులో, వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక నాగేందర్ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడ్డాడు. ఏ డబ్బాలో ఏముందో తెలియలేదు. నిలబడి నిలబడి బయటికొచ్చేశాడు. ఆ సాయంత్రం సందు చివర కర్రీ పాయింట్ నుంచి పొట్లాలు తెచ్చాడు. హాస్టలు పిల్లలందరికీ అదే దిక్కు. ఇక వీళ్లకూ అదే అయింది. అన్నం కుక్కర్లో పడేయడం, పొట్లాలు విప్పడం. చిన్నవాడు బబ్లూ అడిగితే చిప్సు, కూల్‌డ్రింకు. పిల్లలు ఏడవకుండా తింటే చాలనుకునేవాడు. వాళ్లు ఏడవలేదు. అంతా బాగానే ఉందనుకున్నాడు.

క్లినిక్ నుంచి వచ్చిన రోజే ఇంట్లో ఉన్న పాకెట్లన్నీ సంచిలో వేసి పక్క హాస్టలు పిల్లలకు ఇచ్చేశాడు. తోటకూర తెచ్చి ఫోన్లో వీడియో చూస్తూ వండాడు. ఉప్పు రెండుసార్లు పడింది. బబ్లూ ఏడ్చాడు. మనీష రెండు ముద్దలు తిని లేచి పళ్లెం కడిగేసుకుంది. మర్నాడు పప్పు అడుగంటింది. ఆ పై రోజు బబ్లూ బడి నుంచి వచ్చి, "నేను అమ్మమ్మ కాడికి పోత," అని చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు. వారం తిరక్కముందే నాగేందర్ మళ్లీ కర్రీ పాయింట్ ముందు లైన్లో నిలబడ్డాడు.

మందుల కోసం రెండోసారి వెళ్లినప్పుడు ఈ సంగతంతా చెప్పుకుంటే డాక్టరమ్మ నవ్వింది. "మెల్లగా అన్నాను కదండీ. ఒకటి మార్చండి. అది అలవాటయ్యాకే ఇంకొకటి."

ఈసారి ఆ మాట పట్టుకున్నాడు. మొదట కూల్‌డ్రింకు మానిపించి ఫ్రిజ్‌లో మజ్జిగ సీసా పెట్టాడు. ఉప్పు, కొత్తిమీర వేసి కలిపితే బబ్లూ రెండు రోజులు అలిగి మూడోనాడు తాగాడు. బ్రెడ్డు బదులు ఉప్మా వచ్చింది. నూడుల్సు వద్దనలేదు, కాకపోతే అందులో క్యారెట్టు, గుడ్డు పడ్డాయి, మసాలా పొట్లంలో సగమే పడింది. చిప్సు డబ్బాలోకి వేయించిన పల్లీలు, పుట్నాలు చేరాయి. పప్పు ఇంట్లోదే, కూర మాత్రం ఇంకా బయటిదే. ప్రెస్సులో మధ్యాహ్నం తీరిక దొరికితే నారాయణగూడ మార్కెట్టు దాకా నడిచి ఆకుకూర కట్టలు తెచ్చి, కాగితం రీముల పక్కన నీడలో పెట్టుకునేవాడు.

"ఏందన్నా, ఈ యాడాది పెండ్లి పత్రికల మీద తోటకూర అచ్చేస్తవా ఏంది?" అని తోటి పనివాడు కనకయ్య ఆటపట్టించేవాడు.

బబ్లూ తొందరగానే దారికొచ్చాడు. మనీష రాలేదు. పోట్లాడదు, వద్దనదు. పెట్టింది కొంచెం తిని లేస్తుంది. ఒకరోజు నాగేందర్ ప్రెస్సు నుంచి వస్తుంటే, ట్యూషన్ సంచి భుజాన వేసుకుని కర్రీ పాయింట్ ముందు నిలబడి, కాగితపు గిన్నెలో కూర వేసుకుని తింటూ కనిపించింది. తండ్రిని చూసి దాచుకోలేదు. గిన్నె ఖాళీ చేసి పక్కన పడేసి అతనితో నడిచింది.

"నేను అంత ఖరాబ్ చేస్తున్ననా బిడ్డా?"

"ఖరాబ్ ఏం లేదు నాన్న."

"మరి?"

కొంచెం దూరం పోయాక చెప్పింది. "అక్కడి కూర ఎవరు చేస్తరో తెల్వదు. తింటె ఎవరూ యాదికి రారు. నువ్వు చేసింది తింటుంటె, అమ్మ గిట్ల చెయ్యకపోతుండె గద అనిపిస్తది. గిట్ల అనిపిస్తె ముద్ద దిగదు."

ఎదురుగా ముగ్గురు కుర్రాళ్లు ఒకే బండి మీద వస్తే ఇద్దరూ గోడకు ఒదిగి దారిచ్చారు. బండి వెళ్లిపోయినా నాగేందర్ కదల్లేదు. "నాక్కూడా గంతే," అన్నాడు. రెండేళ్లలో రోజా గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అదే మొదలు.

అప్పటి నుంచి ఒకే కోరిక పట్టుకుంది అతనికి. ఒక్క వంటైనా రోజా చేసినట్టే చేసి పిల్ల ముందు పెట్టాలి. రోజా పుంటికూర, అంటే గోంగూర, పప్పు చేస్తే కుక్కరు మూత తీయకముందే సందులో వాసన తెలిసేది. హాస్టలు అమ్మాయిలు మెట్లు దిగుతూ, "అక్కా, ఈరోజు మీ ఇంట్ల పప్పేనా?" అని అడిగేవాళ్లు. నాగేందర్ పుంటికూర తెచ్చి ప్రయత్నించాడు. ఒకసారి పళ్లు జివ్వుమనేంత పులుపు. ఇంకోసారి చప్పగా వచ్చింది. చివరికి, అడగడానికి వేరే మనిషి లేక, ఒక సాయంత్రం కవాడిగూడ వెళ్లాడు. అక్కడ కొడుకు దగ్గర ఉంటుంది రోజా తల్లి బుగ్గమ్మ.

దినాలు అయిన తర్వాత బుగ్గమ్మ అశోక్‌నగర్ ఇంటికి రాలేదు. పిల్లలే పండగలకు పోయి చూసొస్తారు. అల్లుడిని చూడగానే ఆమె మంచం మీద జరిగి చోటిచ్చింది. అతను వచ్చిన పని చెప్పాడు.

"అది నా దగ్గర నేర్సుకున్న పప్పు గాదు నాగేందర్," అంది. "నా పప్పు వేరే. పెండ్లయినంక అదే ఏందో కనిపెట్టింది. పండుగకొస్తె డబ్బాల తెచ్చేది. ఎట్ల జేసినవే అంటె, నువ్వు తినమ్మా, నీకెందుకు అని నవ్వేది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనే అడుగుదామనుకుంటున్న నిన్ను. ఎన్నిసార్లో అనుకున్న. దినాం తిన్నోనివి, నీకు ఎరికే ఉంటదని."

"తిన్న అత్తమ్మా. చూడలేదు."

బుగ్గమ్మ కోడలు చాయ్ తెచ్చింది. అతను లేవబోతుంటే బుగ్గమ్మ, "ఐతారం వస్త. ఇద్దరం కూడి చేద్దాం," అంది. "ఆ ఇంట్ల అడుగుపెట్టి ఉండగల్గుతనో లేదో. వస్త మాత్రం."

ఆదివారం బుగ్గమ్మ ఆటో దిగి గుమ్మం ముందు ఆగింది. బబ్లూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి గట్టు మీద అరచెయ్యి ఆనించి, గిన్నెలు సర్ది ఉన్న తీరు చూసింది. అల్లుడు సర్దుకున్న తీరు అది, కూతురిది కాదు. తల ఊపి, పీట వేసుకుని పుంటికూర గిల్లడం మొదలుపెట్టింది.

మొదటిది ఆమె పద్ధతిలో చేశారు. పప్పు, ఆకు కలిపి ఉడికించి, మెదిపి, ఎల్లిపాయ తాలింపు. బుగ్గమ్మ అరచేతిలో వేసుకుని నాకి, "ఇది నాదే," అంది. ఆమె మొహం చూస్తే నాగేందర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్లీ మొదలుపెట్టారు. ఆమె వాసన గుర్తు చేసుకుంటోంది, అతను రంగు గుర్తు చేసుకుంటున్నాడు. కొంచెం పెసరపప్పు కలిపినట్టుండె అని ఆమె అంటే, ఉల్లిగడ్డ కూడా ఉండె అని అతనన్నాడు. రెండో గిన్నె దించాక బుగ్గమ్మ రుచి చూసి గరిటె కింద పెట్టింది.

"గాదు," అంది. "నా బిడ్డ పోయింది, దాంతోటి ఇదీ పోయింది."

గట్టిగా ఏడ్చేసింది. లోపలి గదిలో చదువుకుంటున్న మనీష వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఎవరూ చూడలేదు.

"పచ్చి ఆకు పప్పుల ఎయ్యద్దు అమ్మమ్మా," అంది.

ఇద్దరూ తలెత్తారు.

"అమ్మ ఆకును వేరేగ మగ్గబెడ్తుండె. నూనెల. పచ్చ రంగు పోయేదాక. ఎల్లిపాయ పొట్టుతోనే దంచుతుండె. పెసరపప్పు ఏం లేదు."

నాగేందర్ పిల్ల వైపు తిరిగాడు. "నీకు ఎరికేనా? ఇన్ని దినాలు చెప్పకపోతివి?"

మనీష గుమ్మం చెక్కను గోరుతో గీకింది. "చెప్తె నువ్వు చేస్తవు. నువ్వు చేస్తె, అమ్మ లేకున్నా పప్పు అయితది." "అట్ల కావొద్దనుకున్న."

బుగ్గమ్మ కళ్లు తుడుచుకుని పీట మీంచి లేచింది. "రా బిడ్డా. నువ్వు చెయ్యి. వద్దనిపిస్తె వద్దు."

మనీష చెంపల మీద పడుతున్న జుట్టు ముడేసుకుని లోపలికి వచ్చింది. మిగిలిన కట్ట విప్పింది. తల్లి పక్కన గట్టు మీద కూర్చుని ఎన్నేళ్లో చూసిన పని. చేతితో చేయడం ఇదే మొదలు. ఆకు మగ్గుతుంటే నూనె చిట్లి మణికట్టు మీద పడింది. నాగేందర్ గరిటె అందుకోబోతే ఇవ్వలేదు. పప్పులో ఆకు కలిపి, తాలింపు వేసి, మూత పెట్టి, పొయ్యి ఆర్పింది. "జర ఆగాలె. అప్పుడే తియ్యద్దు," అంది. ముగ్గురూ ఆ గిన్నె చుట్టూ నిలబడ్డారు. బబ్లూ వచ్చి, "ఏమైంది? అందరు గట్ల ఎందుకు నిలబడ్డరు?" అని అడిగాడు.

ఆ పప్పు రోజా చేతి పప్పు కాలేదు. ఉప్పు తగ్గింది, ఆకు కాస్త మాడింది. కానీ వేడి అన్నంలో కలిపిన మొదటి ముద్దలో ఎక్కడో, ఒక్క క్షణం, ముగ్గురికీ ఆమె తగిలింది. రెండో ముద్దకు లేదు. అయినా మనీష ఆరోజు అన్నం మారు పెట్టించుకుంది. తింటూనే ఏడ్చింది, ఏడుస్తూనే తింది. ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత బుగ్గమ్మ ఆదివారాలు రావడం మొదలుపెట్టింది. జొన్నరొట్టె చేయడం అల్లుడికి నేర్పింది. అతని రొట్టెలు ఏ దేశం పటం లాగో వచ్చేవి, బబ్లూ వాటికి పేర్లు పెట్టేవాడు. మనీష వారంలో రెండు మూడు పూటలు పొయ్యి దగ్గరికి వచ్చేది. తల్లి వంటలు ఒక్కొక్కటే బయటికి తీసేది. కొన్ని సరిగా గుర్తుండేవి, కొన్ని సగం. సగం గుర్తున్నవాటికి మిగతా సగం ఎవరికి తోచింది వాళ్లు కలిపేవాళ్లు. బయటి కూర తేవడం తగ్గి తగ్గి, ఎవరికైనా జ్వరమొచ్చిన నాడో ప్రెస్సులో ఆలస్యమైన నాడో తప్ప లేకుండా పోయింది. వానలు తగ్గాక పరీక్ష చేయిస్తే మనీష ఒంట్లో రక్తం పెరిగింది. "ఏం చేశారు?" అని డాక్టరమ్మ అడిగితే నాగేందర్, "పిల్లే వండుతది మేడం, మేం తింటున్నం," అన్నాడు. మనీష ఈసారి గోడవైపు తిరగలేదు.

ఆ వారమే, ఆదివారం మధ్యాహ్నం, నలుగురూ నేల మీద కూర్చుని తింటున్నారు. పప్పు బాగా కుదిరింది. బబ్లూ వేళ్లు నాక్కుంటూ అడిగాడు.

"అమ్మ గూడ గిట్లనే చేసేదా?"

తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లే. ఆమె మొహం ఫోటోల్లో చూసి చెబుతాడు, గొంతు ఫోన్లో ఉన్న వీడియోల్లో విన్నాడు. రుచి వాడికి గుర్తులేదు. బుగ్గమ్మ నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపింది. అవునంటే వాడు నమ్ముతాడు. ఇక జన్మంతా ఇదే అమ్మ చేతి పప్పు అనుకుంటాడు. అనుకుంటే ఏం పోయింది అనిపించి, నాగేందర్ అవుననబోయాడు.

"లేదు," అంది మనీష. "అమ్మది ఇంక మంచిగుంటుండె."

"ఎట్ల?"

"పుల్లగనే ఉంటుండె. కాని ఇట్ల పులుపు గాదు. ముందు కారం తగుల్తుండె, అది పోయినంక..." చెప్పలేక ఆగింది.

"వెనకకెళ్లి జర తీపి వస్తుండె," అంది బుగ్గమ్మ.

"వేడిగున్నప్పుడు ఒక తీరు, మాపటికి ఒక తీరు ఉండె," అన్నాడు నాగేందర్. "మాపటిదే మంచిగుంటుండె."

"ఔ, మాపటిదే," అంది మనీష.

బబ్లూ ఒక్కొక్కరి మొహం చూశాడు. పళ్లెంలో అన్నం కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, వాళ్లు చెప్పిందంతా అందులో ఎక్కడుందో వెతుక్కుంటూ, మెల్లగా నమలసాగాడు.