వెల్డా వదిన డబ్బాలో పిండి

మా వెల్డా వదిన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుందని తెలిసినప్పుడు నాకు బాధేసింది. అబద్ధమెందుకు, ఆ బాధ ఒక పూటే ఉంది. మర్నాటికల్లా నా బుర్రలో ఒకటే ఆలోచన. ఈ ఏడాది హష్ పప్పీలు ఎవరు వేస్తారు?

మా ఇల్లు చోవాన్ ఏటి ఒడ్డునే. ఏటా వేసవిలో ఒక శనివారం మా ఆయన తరఫు బంధువులంతా మా పెరట్లో చేరతారు. చేపలు వేయించడం మా ఆయన కార్లైల్ పని. ఆ చేపలు వేగిన నూనెలోనే మొక్కజొన్న పిండి ముద్దలు వదిలి హష్ పప్పీలు తీయడం ఆయన అక్క వెల్డా పని. పెరడు మాది, పొయ్యి మాది, మూకుడు నేను ఏరి కొన్నది. పెళ్ళయి వచ్చిన నాటినుంచి నాకు దక్కింది మాత్రం క్యాబేజీ తరగడం. ఎందుకయ్యా అంటే నేను కొండ ప్రాంతం దాన్ని. మావైపు ఆ పిండిలో చక్కెర వేస్తారు. ఈ ఏటి ఒడ్డు వాళ్ళకి అదెంత తప్పంటే, మగవాడు చర్చిలో టోపీ తీయకుండా కూర్చున్నంత తప్పు. ఇక్కడికొచ్చాక నేను చిటికెడు చక్కెర వేసి ఎరగను. అయినా నమ్మేదెవరు?

వదినకి ఫోన్ చేశాను. "నేను వేస్తాను వదినా," అన్నాను.

"నువ్వా," అంది వదిన.

"నేనే."

"మీ కొండల్లో చేపంటే డబ్బా కోసి తీసేదే కదటే మావిస్. నీకెందుకమ్మా ఈ తంటా? కొట్లో ఐస్ పెట్టినవి దొరుకుతాయి. నాలుగు సంచులు పట్టుకొస్తాను, ఓవెన్‌లో వేడి చేస్తే సరిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. కొట్లో కొన్న హష్ పప్పీలు మా పెరట్లో వడ్డించడమా, అదీ నేను బతికుండగా? ఆ మాటే అన్నాను.

"సరే అయితే," అంది వదిన. "వేసి చూపించు. బాగుంటే బాగున్నట్టే, మూకుడు నీదే. లేదనుకో, సంచులు విప్పుతాం. మళ్ళీ జన్మలో ఆ మూకుడు దగ్గరికి వస్తానని మాత్రం అనకు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను," అనేశాను. ఫోన్ పెట్టేశాక గానీ ఎంత మాటకి తలొగ్గానో నాకు తెలిసిరాలేదు. ఇన్నేళ్ళూ ఏదో ఒకరోజు ఆ గరిట నా చేతికి రాకపోతుందా అన్న ఆశైనా ఉండేది. ఇప్పుడు అది కూడా పందెంలో పెట్టేశాను.

శనివారం వదిన అందరికన్నా ముందే దిగింది. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడుతోంది, రెండో చంకలో పాత పందికొవ్వు డబ్బా ఉంది. సంచులు తీసుకెళ్ళి వరండాలో ఉన్న ఫ్రీజర్‌లో పెట్టమని తమ్ముడికి పురమాయించింది. డబ్బా నా ముందు పెట్టి, "పిండి మాత్రం నాదే వాడు. దిక్కుమాలిన పసుప్పచ్చ పిండి వాడి మా పరువు తీయకు," అంది. మూత తీశాను. తెల్ల మొక్కజొన్న పిండి, మెత్తగా, మల్లెపువ్వులా ఉంది. ఎక్కడ ఆడించిందో, ఏం కలిపిందో అడుగుదామనిపించింది. అడిగితే "ఇదీ తెలీదూ" అంటుంది. నోరు మూసుకున్నాను.

వదిన మడత కుర్చీ తెచ్చి సరిగ్గా నా ఎదురుగా వేయించుకుని కూర్చుంది. నేను పిండి కొలిచాను, గుప్పెడు గోధుమ పిండి చేర్చాను, ఉప్పు వేశాను, బేకింగ్ పౌడర్ వేశాను, సోడా వేశాను. సోడా చెంచా ఎత్తినప్పుడు ఆవిడ కనుబొమలు కాస్త లేచాయి. నా చేతివాటం చూసి మెచ్చుకుంటోంది కాబోలు అనుకున్నాను, పిచ్చిదాన్ని. గుడ్డు కొట్టి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ తురిమి కలిపాను.

అప్పటికి కార్లైల్ చేపలు చాలావరకు తీసేశాడు. జనం బల్లల చుట్టూ చేరారు. అందరికన్నా ముందు కూర్చున్నది డోర్సీ మామయ్య, అంటే కార్లైల్ బాబాయి. పళ్ళు సగం ఊడినా నోరు మాత్రం ఊరుకోదాయనకి. "కొండపిల్ల వంటట ఈవేళ. దేవుడా, నీదే భారం," అన్నాడు అందరికీ వినపడేలా. జనం నవ్వారు.

మొదటి వాయి వేశాను. ముద్ద నూనెలో పడగానే గుండ్రంగా తేలాలా? అది ఉబ్బింది. ఉబ్బి ఉబ్బి పగిలింది. పగిలి నూనె నిండా తుక్కుతుక్కయింది. మూకుడంతా నురగ లేచి అంచుదాకా పొంగింది. కార్లైల్ ఒక్క గంతులో వచ్చి మంట తగ్గించాడు. నేను జల్లిగరిటెతో దేవి తీస్తే మిగిలినవి ముక్కలూ చెక్కలూ, పట్టుకుంటే వేళ్ళ సందున నూనె కారింది. డోర్సీ మామయ్య ఒకటి నోట్లో వేసుకుని మెల్లిగా నమిలాడు. "గిన్నెలు తోముకునే స్పంజిలా ఉందే అమ్మాయ్," అన్నాడు. ఈసారి జనం నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయం అనిపించింది.

"పోనీలే మావిస్," అంది వదిన చాలా మెత్తగా. "అందరికీ అన్నీ రావాలని ఏముంది? కార్లైల్, ఓవెన్ వెలిగించు. చేపలు చల్లారిపోతున్నాయి."

ఆ మెత్తదనం నాకు కారం రాసినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ మీదికి నెట్టేద్దామంటే ఉల్లిపాయ తురిమి చాలాసేపయింది. ఏం చేయాలో తోచక గిన్నెలోంచి వేలితో పిండి తీసి నాకాను. ఉప్పు కషాయం. వెనకాలే సోడా చేదు. నేను వేసిన ఉప్పుకి అంత ఉప్పదనం ఎక్కడిది? డబ్బాలోంచి చిటికెడు పొడిపిండి తీసి నాలుక మీద వేసుకున్నాను. అదీ ఉప్పగానే ఉంది.

"వదినా," అన్నాను. "ఈ పిండిలో ఉప్పూ సోడా ముందే కలిపి ఉన్నాయి కదూ?"

"ఉన్నాయి."

"నేను మళ్ళీ వేస్తుంటే చూస్తూ కూర్చున్నావు."

"నువ్వు అడిగితేగా చెప్పడానికి," అంది వదిన. "ఇక్కడి వాళ్ళెవరికైనా తెలిసే సంగతే అది."

ఒక్క క్షణం గిన్నె ఎత్తి ఏట్లో విసిరేద్దామనిపించింది. కానీ విసిరేస్తే ఆవిడే గెలిచినట్టు. చుట్టూ చూశాను. ఇంట్లో ఉన్నది పసుప్పచ్చ పిండే. కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి జనం తినేసి ఇళ్ళకి పోతారు. అప్పుడు కంటపడింది, కార్లైల్ పక్కన ఉన్న పళ్ళెం. చేపలు దొర్లించడానికి ఆయన విడిగా తెచ్చుకున్న పిండి. అది ఒట్టి తెల్ల మొక్కజొన్న పిండి, మిరియాల పొడి తప్ప ఏమీ కలవనిది. చేపకి ఉప్పు విడిగా రాస్తాడాయన. పిండిలో ఉప్పు వేయడు. అది కలిపితే నా గిన్నెలో ఉప్పూ సోడా తగ్గుతాయి.

"ఆ పళ్ళెం ఇటివ్వు," అన్నాను.

"ఇంకా రెండు చేపలున్నాయి మావిస్."

"వాటికి దణ్ణం పెట్టి పక్కన పెట్టు."

ఇచ్చాడు. జల్లెడ పట్టి, ఆ పిండంతా గిన్నెలోకి దులిపాను. మరో గుడ్డు, ఇంకాస్త మజ్జిగ, మరో ఉల్లిపాయ. పొంగు అణిగేదాకా గట్టిగా కలిపి, మూత పెట్టి పక్కన పెట్టాను. ఇక ఆగాలి. ఆకలితో ఉన్న జనం ముందు చేతులు కట్టుకుని ఆగడమంత నరకం ఇంకోటి లేదు.

"కార్లైల్, ఓవెన్ అన్నానా?" అంది వదిన.

అక్క మాటకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి ఆయన. మూకుడులోని తుక్కు దేవుతూ, తలెత్తకుండానే, "నూనె కాగుతోందక్కా. కాసేపు కూర్చో," అన్నాడు. ఆ మాటకి ఆయన్ని అక్కడే ముద్దు పెట్టుకునేదాన్ని, చేతికి పిండి లేకపోతే.

మూత తీశాను. పిండి దిటవుగా ఉంది, చెంచా నిలబడుతోంది. నాలిక్కి ఉప్పు సరిపోయింది. ఒక్క ముద్ద వదిలాను. మునిగింది. నా ఊపిరి కూడా దాంతోపాటు మునిగింది. తేలింది. గుండ్రంగా, ఎక్కడా చిట్లకుండా, చిటపటమంటూ తేలింది. అడుగు ఎర్రబడగానే, ఎవరూ ముట్టుకోకుండా, దానంతటదే ఒత్తిగిలి రెండో వైపుకి తిరిగింది. హష్ పప్పీ కుదిరిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వెనక నుంచి ఎవరో "అదీ," అన్నారు.

వాయి తీసి డోర్సీ మామయ్య పళ్ళెంలో మొదటిది పెట్టాను. పొగలు కక్కుతుంటే విరిచాడు. పైన కరకర, లోపల మెత్తగా, మిరియం ఘాటు ముక్కుకి తగిలేలా ఉంది. తిన్నాడు. నేను ఆయన నోటి కోసం చూస్తూ నిలబడ్డాను. ఆయన పళ్ళెం చాపాడు, ఇంకోటి పెట్టాను. రెండోది తిన్నాడు. అప్పుడు కుర్చీ వెనక్కి నెట్టి, కర్ర పట్టుకుని, తిన్నగా నడిచొచ్చి మూకుడు ముందు నిలబడ్డాడు. "ఇంకెవరో తోసుకొచ్చే లోపల వేయవే తల్లీ," అన్నాడు.

ఇక చూడాలి. పెరడంతా లేచి వరసలోకి వచ్చింది. వాయి తీయడం, పోయడం, మళ్ళీ వదలడం. చేతికి నూనె చిట్లినా నాకు పట్టలేదు. "మిరియాలు వేశావా మావిస్, భలే ఉంది," అన్నారొకరు. "చేప రుచి తగులుతోంది," అన్నారింకొకరు. నా మొహం మంటకి ఎర్రబడిందో, సంతోషానికో నాకే తెలియదు. గొంతెత్తి పాడాలనిపించింది. నాకు పాడటం రాదు కాబట్టి జనం బతికిపోయారు.

కార్లైల్ నా మోచేతిని చిన్నగా పొడిచాడు. తలెత్తి చూశాను. వరసలో, అందరి వెనకాల, ఎడం చేతిలో పళ్ళెం పట్టుకుని వెల్డా వదిన నిలబడి ఉంది. ఈ పెరట్లో ఆవిడ వరసలో నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. ముందున్న వాళ్ళు తప్పుకోబోతే తల అడ్డంగా ఊపింది. తన వంతు వచ్చేదాకా ఆగి, పళ్ళెం చాపింది.

"రెండు వెయ్యి," అంది.

గరిటెలో ఉన్నవి చూశాను. ఇంకా కొంచెం తెల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళ కోపమంతా గొంతు దాకా వచ్చింది. కానీ నోటి నుంచి వచ్చింది మాత్రం వంట మాటే.

"ఇవి ఇంకా వేగలేదు వదినా. ఆగాలి."

వదిన నా మొహంలోకి చూసింది, మూకుడులోకి చూసింది.

"నువ్వెప్పుడంటే అప్పుడే," అంది. పళ్ళెం దించకుండా, నా ఎదురుగా అలాగే నిలబడింది.