ఫినాయిలు తాగిన ప్లాంటు

శుభ్రతకు మా అత్తయ్య పెట్టింది పేరు. ఆ శుభ్రతే మా కొంప ముంచబోయింది.

పోయిన చలికాలం మా దూడలు రెండు చలికి బిగుసుకుపోయి చచ్చిపోయాయి. ఆ ఏడుపు మళ్ళీ ఏడవలేక, నేను పట్టుబట్టి పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాను. దూడల గదిలో హీటరు, కొట్టంలో లైట్లు, వేణ్ణీళ్ళు, అన్నీ దాని చలవే. అత్తయ్య మాత్రం దాన్ని "నీ పేడ గొయ్యి" అనేది.

ఎర్రావు ఈనే రోజులు దగ్గర పడుతుంటే, మా ఆడపడుచు వస్తున్నానని కబురు చేసింది. కూతురికి కంపు తగలకూడదని అత్తయ్య కొట్టమంతా ఫినాయిలు పోసి కడిగింది. ఆ నీళ్ళు కాలవ వెంట తిన్నగా ప్లాంటులోకి పోయాయి. మర్నాటికల్లా మంట మినుకుమినుకుమని ఆరిపోయింది.

నాకు ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, కంటికి కనపడని పురుగులు ఆ పేడ తింటేనే మనకి గ్యాసు. ఫినాయిలు తాగితే అవి బతుకుతాయా?"

"దానికీ కడుపుంటుందని నాకేం తెలుసే," అంది ఆవిడ నీళ్ళు నములుతూ.

పక్క ఊరి ప్లాంటు నుంచి ఆ పురుగులు బతికున్న, బుడగలొస్తున్న పేడనీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చి పోశాం. ఆ తర్వాత కొత్త పేడ కొంచెం కొంచెం, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పోయాలి. జ్వరం పడి లేచినవాళ్ళకి జావ పట్టినట్టు ఆ పని అత్తయ్యే చేసింది, నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. రోజూ స్టవ్ వెలిగించి చూసేది. వెలగకపోతే ఆ పూట అన్నం సరిగ్గా తినేది కాదు.

ఎర్రావుకి అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయి. తెల్లారేసరికి దూడ పడింది, ఒళ్ళంతా తడి, ఒకటే వణుకు. హీటరు వెలిగించాను. ఆరిపోయింది. అత్తయ్య తన శాలువాతో దూడని తుడుస్తూ, "ఇంకోసారి చూడవే," అంది. ఈసారి నీలిమంట నిలబడింది.

ఎండ వచ్చేసరికి దూడ లేచి తల్లి పొదుగు వెతుక్కుంది. ఆ మంట నాదని ఊరంతా చాటింపు వేయించాలన్నంత గర్వమేసింది నాకు.

అప్పుడే మా ఆడపడుచు దిగింది, ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని.

"అమ్మా, కాళ్ళకి పేడంటింది. కాస్త ఫినాయిలుంటే పొయ్యి."

అత్తయ్య కాలవకి అడ్డంగా నిలబడింది.

"ఉత్త నీళ్ళతో కడుక్కో. అది నా కోడలు కట్టించిన ప్లాంటు. దాని కడుపు చెడితే కూతురివని కూడా చూడను."